ఆరో నంబరు నల్ల జత

స్టెల్లాకి దేవుడంటే భయం. ఉదయ్ భాస్కర్ అంటే అంతకంటే ఓ పిసరు ఎక్కువ భయం. దేవుడు రోజూ పొద్దున తల నుంచి పాదాల దాకా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమనడు కదా.

ఉదయ్ భాస్కర్ పెట్టమంటాడు. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగు, అందులో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ. దాని రిసెప్షన్‌కి మనుషుల్ని పంపేది వేరే ఏజెన్సీ. ఆ ఏజెన్సీ తరఫున అక్కడ పెత్తనమంతా ఇతనిది. కాకినాడ మనిషి, 'అండి' లేకుండా నోట్లోంచి మాట రాదు. ఆ 'అండి'తోనే మనిషిని నిలువునా కోసి పెడతాడు. ఎనిమిదీ నలభైకి ఫొటో రావాలండి, షూస్ స్పష్టంగా కనపడాలండి, మన డ్రెస్ కోడ్ బిజినెస్ క్యాజువల్ అండి.

ఈ బిజినెస్ క్యాజువల్ అంటే ఏమిటో స్టెల్లాకి పదకొండేళ్ళ సర్వీసులో అర్థం కాలేదు. లోపల కోడ్ రాసే పిల్లలు నలిగిన టీ షర్టుల్లో, రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తారు. వాళ్ళనెవరూ ఏమీ అనరు. వాళ్ళకి గుడ్ మార్నింగ్ చెప్పే మనిషికి మాత్రం కాలరున్న చొక్కా, ముదురు రంగు ప్యాంటు, వేళ్ళు కనపడని నల్ల షూస్, అంగుళం హీల్. స్పోర్ట్స్ షూస్ కూడదు. శాండల్స్ కూడదు. ఇదేం న్యాయమని అడగడానికి స్టెల్లా కంపెనీ మనిషి కూడా కాదాయె.

అయినా ఇన్నేళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది. నాలుగు నెలల కిందట ఎవరికో బుద్ధి పుట్టి, కూర్చుని పలకరిస్తే మర్యాద కాదని రిసెప్షన్‌లో కుర్చీలు తీసేశారు. బల్ల ఎత్తు పెంచారు. అప్పట్నుంచి తొమ్మిది గంటలు నిలువుకాళ్ళ మీద ఉద్యోగం. నెల తిరక్కుండానే మడమ పట్టుకుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే కుడి మడమలో మేకు దిగినట్టే ఉండేది. చందానగర్‌లో డాక్టరు చూసి, "మెత్తటివి వేసుకోండమ్మా, ఎక్కువసేపు నిలబడకండి" అన్నాడు. ఉద్యోగం మానెయ్యమని అంత తియ్యగా చెప్పిన మనిషి ఇంకొకడు లేడు.

మొదటి మెమో స్పోర్ట్స్ షూస్‌కి పడింది. ప్యాంటు అంచులు కిందికి లాగి నల్లవి తొడుక్కొస్తే ఎవరు చూస్తారులే అనుకుంది. ఉదయ్ భాస్కర్ ఫొటోని పెద్దది చేసి చూశాడు. రెండో మెమో మరీ అన్యాయం. బల్ల వెనక షూస్ విప్పి, చల్లటి బండల మీద పాదాలు ఆనించి నిలబడింది, అంతే. సరిగ్గా అప్పుడే పై అంతస్తు పెద్ద సారు కోసం అతిథులొచ్చారు. బల్ల దాటి వెళ్ళి లిఫ్టు దాకా తీసుకెళ్ళాలి. కాలితో తడుముతుంటే ఒక షూ దొరికింది, రెండోది ప్రింటర్ కిందికి దూరింది. ఏం చేస్తుంది, వట్టి కాళ్ళతోనే నవ్వుతూ లిఫ్టు దాకా నడిచింది. అతిథులు ఏమీ అనలేదు. కెమెరా చూసిన ఉదయ్ భాస్కర్ అన్నాడు.

"మూడోది పడితే రీప్లేస్‌మెంటేనండి. నా చేతిలో ఏమీ ఉండదండి."

ఆ పైన ఇంకో మాట చెప్పాడు. వచ్చే గురువారం జర్మనీ నుంచి క్లయింట్లు వస్తున్నారు. ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా గుమ్మం దగ్గర స్టెల్లా నిలబడాలి. కుంటకూడదు, గోడకి ఆనుకోకూడదు, ముఖంలో నొప్పి కనపడకూడదు. అది సాఫీగా జరిగితే పాత మెమోలు రెండూ తీసేయించడానికి ప్రయత్నిస్తాడట. జరక్కపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నలభై ఆరేళ్ళ రిసెప్షనిస్టుని ఆ రోడ్డు మీద ఇంకే బిల్డింగూ తీసుకోదు. ఆ సంగతి స్టెల్లాకి తెలుసు, ఉదయ్ భాస్కర్‌కీ తెలుసు.

అందుకని శనివారం భర్త సాల్మన్‌ని వెంటబెట్టుకుని కూకట్‌పల్లి వెళ్ళింది. అప్పటికే ఇంట్లో మంచం కింద మూడు జతలు పడున్నాయి. ఒకటి బొటనవేలిని నొక్కేది, ఒకటి నడుస్తుంటే మడమ దగ్గర జారేది. మూడోది దుకాణంలో దూదిలా ఉండి, ఆఫీసులో మధ్యాహ్నానికి ఇనుములా మారేది. సాయంత్రానికి పాదం ఉబ్బుతుందని, పొద్దున్నే వెళ్ళి కొంటే మోసపోతామని ఆ మూడో జతతో తెలిసింది. ఈసారి సాయంత్రమే వెళ్ళింది. ఐదు దుకాణాలు తిరిగారు. మెత్తగా ఉన్నదానికి హీల్ లేదు, హీల్ ఉన్నది మెత్తగా లేదు. రెండూ ఉన్నదానికి ముందు చిన్న కన్నం, అందులోంచి వేలు కనపడుతుంది. సాల్మన్ ఒక స్కూల్లో ల్యాబ్ అటెండరు, ఓపికున్న మనిషే. నాలుగో దుకాణంలో ఆ ఓపిక కూడా అయిపోయింది.

"ఇగ ఏదో ఒకటి తీసుకో స్టెల్లా. నాకు సుత కాళ్ళు గుంజుతున్నయ్."

ఐదో దుకాణంలో నల్లటి జత దొరికింది, ఆరో నంబరు. ఎక్కడా పువ్వు లేదు, బకిల్ లేదు. హీల్ కొలిచినట్టు అంగుళం. తొడిగి చూస్తే కొంచెం గట్టిగానే ఉంది. దుకాణం అతను మోకాలి మీద కూర్చుని వేళ్ళతో నొక్కి చూశాడు.

"లెదర్ మేడం, రెండు మూడు దినాలల్ల సాగుతది. సాగేదాంక ఎవరి కాలైనా ఓర్చుకోవాలె గదా."

ఓర్చుకోవడం స్టెల్లాకి కొత్త కాదు. గురువారానికి ఐదు రోజులున్నాయి. సాగదీయడం మొదలుపెడదామని ఆదివారం అవే తొడుక్కుని చర్చికి బయల్దేరింది.

హఫీజ్‌పేట్‌లో వాళ్ళ ప్రార్థన మందిరం ఓ దుకాణాల వరస మీద మొదటి అంతస్తు. పదిహేడు మెట్లు. పైన వరండాలో అందరూ చెప్పులు విడిచి లోపలికెళ్ళి తివాచీల మీద కూర్చుంటారు. ఇంటి నుంచి మందిరానికి పావుగంట నడక. ఆ పావుగంటలోనే షూస్ రెండు మడమల్నీ కరిచేశాయి. మెట్లు ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకుని, పంటి బిగువున ఒక్కో మెట్టూ ఎక్కింది. వరండాలో ఆ జత విడిచాక ప్రాణం లేచొచ్చింది. తర్వాత రెండున్నర గంటలు పాటల్లోనూ పాస్టరు గారి వాక్యంలోనూ ఆమె మనసు లేదు. కళ్ళు మూసుకుని ఒకటే అడిగింది. తండ్రీ, గురువారం ఒక్కటి గడిపించు. ఈ కాళ్ళు నువ్వు ఇచ్చినవే గదా, జర నువ్వే చూసుకో.

ఆరాధన అవుతుండగా వాన మొదలైంది. చెప్పులు తడవకుండా ఎవరో వరండాలో పెద్ద ప్లాస్టిక్ పట్టా కప్పారు. ప్రార్థన ముగియగానే అందరూ ఒక్కసారి ఎగబడ్డారు. స్టెల్లా వంగి, పట్టా కిందికి చెయ్యి పెట్టి నల్ల జత లాగింది. నొప్పికి సిద్ధపడి, పళ్ళు బిగించి తొడుక్కుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. సగం మెట్లు దిగాక గానీ ఆమెకి తెలియలేదు, పళ్ళు ఊరికే బిగించిందని. నొప్పి లేదు. ఆగింది. కాలు ఎత్తి మళ్ళీ మోపింది. మడమ కింద ఎవరో అరచెయ్యి పెట్టినట్టుంది.

కిందికొచ్చేసరికి కళ్ళు నీళ్ళతో నిండాయి. గేటు దగ్గర పాస్టరు గారి భార్య ఎలిజబెత్ గారు గొడుగు పట్టుకుని అందరికీ వందనాలు చెబుతున్నారు. స్టెల్లా ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే ఏడ్చేసింది.

"అమ్మగారూ, నొప్పి పోయింది. ఎక్కేటప్పుడు ఉంది. దిగేటప్పుడు లేదు."

"స్తోత్రం. ఆయన చేశాడమ్మా" అన్నారు ఆవిడ.

సోమవారం స్టెల్లా తొమ్మిది గంటలు నిలబడింది. మధ్యాహ్నం మూడింటికి కూడా పాదం గొణగలేదు. పొద్దున పెట్టిన ఫొటోకి ఉదయ్ భాస్కర్ బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాడు, నాలుగు నెలల్లో మొదటిసారి. హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్లు ఎక్కుతూ ఇంకొకళ్ళని దాటి కూడా పోయింది. ఇంటికొచ్చి సాల్మన్‌కి చెబితే, "కొత్త షూస్ మంచిగున్నట్టున్నయ్ తియ్యి" అన్నాడు. ఆమెకి కోపం వచ్చింది. షూస్‌దేముంది, చేసింది దేవుడైతే.

మంగళవారం సాయంత్రం ఎలిజబెత్ గారింట్లో ప్రార్థన కూడిక. స్టెల్లా ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళింది. గడప బయట షూస్ విడిచి లోపల కూర్చుంది. పన్నెండు మంది దాకా ఆడవాళ్ళు. పాట అయ్యాక, "దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం ఉన్నవాళ్ళు లేవండి" అన్నారు అమ్మగారు. స్టెల్లా లేచింది. డాక్టరు ఏమన్నాడో చెప్పింది, మెమోల సంగతి చెప్పింది, పదిహేడు మెట్లు ఎట్లా ఎక్కిందో ఎట్లా దిగిందో చెప్పింది. ఒక్కో మాటకీ అందరూ స్తోత్రం అంటుంటే ఆమెకి ఒళ్ళు పులకరించింది.

చివర్లో టీ ఇచ్చారు. గోడ పక్కన కూర్చున్న రూబీ గ్లాసులు అందించడానికి లేచింది. రూబీ లింగంపల్లిలో ఓ ప్రైవేటు హాస్పిటల్లో నర్సు. డాక్టరు గది బయట పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి పేషెంట్లని లోపలికి పంపే డ్యూటీ. ముప్పై దాటలేదు. రేపల్లె నుంచి వచ్చి ఇక్కడ తల్లితో ఒక గదిలో ఉంటుంది. అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. ఆమె మునివేళ్ళ మీద నడవడం ఎలిజబెత్ గారు చూశారు.

"ఏమైందమ్మా కాళ్ళకి?"

"ఏం లేదమ్మగారూ. షూ కరిచింది."

స్టెల్లా చూసింది. రూబీ రెండు మడమలకీ దూది, దాని మీద ప్లాస్టరు. చిటికెన వేళ్ళకి కూడా. అప్పటికీ ఆమెకేమీ తట్టలేదు. అయ్యో పాపం అనుకుంది, నీ కోసం కూడా ప్రార్థన చేస్త బిడ్డా అని కూడా అంది. గ్లాసు కింద పెట్టి, అందరికీ వందనాలు చెప్పి, గడప దాటింది.

గడప బయట నల్ల జతలు రెండున్నాయి. పక్కపక్కనే, ఒకే రకానివి, రెండూ ఆరో నంబరువి. ఒకటి ముందు భాగం ఇంకా దుకాణంలో ఉన్నట్టే నిగనిగలాడుతోంది. రెండోది వేళ్ళ దగ్గర సన్నగా ముడతలు పడి, పాదం ఆకారానికి వచ్చి, మెత్తగా కూర్చునుంది. మూడు రోజుల కిందట కొన్న షూస్‌కి అన్ని ముడతలు ఎట్లా వస్తాయి. శనివారం సాయంత్రం దుకాణంలో తను తొడుక్కుని చూసింది ఆ నిగనిగలాడేదాన్నే. ఆదివారం పట్టా కింద చెయ్యి పెట్టి లాగింది ఈ ముడతలదాన్ని. అద్భుతం, సాక్ష్యం, స్తోత్రం, అన్నీ ఒక్క క్షణంలో అబద్ధమైపోయాయి.

లోపల రూబీ గ్లాసులు ఏరుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిలవొచ్చు. రూబీ, ఇట్ల రా అని ఒక్క మాట అంటే చాలు. కానీ లోపల పన్నెండు మంది ఉన్నారు, పది నిమిషాల కిందే వాళ్ళ ముందు ఏడ్చి సాక్ష్యం చెప్పింది. ఇంకో పక్క గురువారం ఉంది. స్టెల్లా ఒక్కసారి వెనక్కి చూసింది. ఎవరూ చూస్తున్నట్టు లేదు. మెత్తటి జతలో కాళ్ళు దూర్చి, వీధి మలుపు దాకా ఆగకుండా నడిచింది.

ఆమెను వెనకేసుకు రావడానికి నా దగ్గర మాటలు లేవు. తెలియక చేసింది ఆదివారం. మంగళవారం తెలిసే చేసింది.

ఇంటికెళ్ళి లోపలి సోల్ ఎత్తి చూసింది. అడుగున మార్కర్ పెన్నుతో రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఆర్, బి. ఐసీయూ గుమ్మం బయట అందరూ విడిచిపెడతారు కాబట్టి నర్సులు అట్లా గుర్తు రాసుకుంటారు. సోల్ మళ్ళీ యథాస్థానంలో నొక్కేసింది. సాల్మన్ ఏమైందని అడిగితే ఏం లేదంది. అన్నం ముందు ప్రార్థన ఆయన్నే చెయ్యమంది.

బుధవారం పొద్దున హఫీజ్‌పేట్ స్టేషన్‌లో నిలబడింది. తన రైలు హైటెక్ సిటీ వైపు, రూబీ రైలు లింగంపల్లి వైపు. మధ్యలో పట్టాలు. అవతలి ప్లాట్‌ఫాం మీద బెంచీ చివర రూబీ కూర్చునుంది. షూస్‌లోంచి మడమలు బయటికి తీసి, వెనక భాగాన్ని తొక్కి పెట్టింది. స్టెల్లా స్తంభం చాటుకి జరగబోయింది. అప్పటికే రూబీ తలెత్తింది. చెయ్యి ఊపింది. నవ్వుతూ వందనాలు చెబుతున్నట్టు చెయ్యి ఎదకి ఆనించింది. స్టెల్లా కూడా చెయ్యి ఎత్తింది గానీ నవ్వు రాలేదు. రైలొచ్చి మధ్యలో నిలబడ్డాక గానీ ఊపిరాడలేదు.

ఆ రోజు ఆఫీసులో పాదాలు సుఖంగానే ఉన్నాయి. మనిషే బాగాలేదు. ఉదయ్ భాస్కర్ రేపటి రిహార్సల్ పెట్టాడు. గుమ్మం దగ్గర నేల మీద తెల్ల టేపు ముక్క అతికించాడు.

"ఇదిగోండి, ఇక్కడేనండి. పక్కకి జరగొద్దండి. షూస్ ఇవేనా? ఇవి బావున్నాయండి. రేపు కూడా ఇవే వేసుకోండి."

సాయంత్రం రైలు దిగి రూబీ ఉండే వీధి మొదట్లో ఐదు నిమిషాలు నిలబడింది. ఇచ్చేస్తే రేపు కాళ్ళకి ఏం తొడుగుతుంది? రేపొక్కటి గడిస్తే ఎల్లుండి నవ్వుతూ ఇవ్వొచ్చు, పొరపాటున మారినయ్ బిడ్డా అనొచ్చు. ఈ లెక్క బాగానే ఉందనిపించింది. ఇంటికెళ్ళిపోయింది.

గురువారం ఐదింటికి లేచి, రోజూలాగే మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పదకొండేళ్ళ వయసు నుంచి తప్పని అలవాటు. తండ్రీ అన్నది, ఆ తర్వాత ఒక్క మాట రాలేదు. సిగ్గేసింది. సిగ్గు అంటే మామూలు సిగ్గు కాదు, దేవుడికి ముఖం చూపించలేని సిగ్గు. చివరికి లేచింది. షూస్‌ని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. సంచిలో పెట్టుకుని, ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులతో బయల్దేరింది.

"ఎటు పోతున్నవ్ పొద్దుగాల్నే?" అన్నాడు సాల్మన్ పక్క మీంచి.

"ఒకరి సామాను ఒకరికిచ్చి ఆఫీసుకి పోత."

రూబీ తలుపు తీసింది. జుట్టు ముడేసుకుని ఉంది, చేతిలో పాలగిన్నె. లోపల తల్లి ఇంకా లేవలేదు.

"వందనాలక్కా. ఏంటక్కా ఇంత పొద్దున్నే?"

స్టెల్లా సంచిలోంచి షూస్ తీసి గడప మీద పెట్టింది.

"ఇవి నీవి."

"తెలుసక్కా" అంది రూబీ.

"ఎప్పటి సంది?"

"ఆదివారం నుంచే. నువ్వు వేసుకుని దిగుతుంటే పైనుంచి చూశాను. పిలుద్దామని కిందికొచ్చేసరికి నువ్వు అమ్మగారి చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నావు, నొప్పి పోయిందని. అప్పుడు నా షూస్ ఇమ్మని ఎట్టా అడగను?"

"తర్వాతైనా అడగొచ్చు గదా."

"మంగళవారం కూడిక అయ్యాక నెమ్మదిగా చెబుదామనుకున్నా. నువ్వు అందరి ముందూ సాక్ష్యం చెప్పేశావు. నేను నోరిప్పితే నీ సాక్ష్యం ఏమవుతుందక్కా?"

ఇక్కడితో ఆపేస్తే స్టెల్లా మంచిదే, పొరపాటు చేసి తెచ్చి ఇచ్చిన మనిషి. ఆపాలనే అనిపించింది. కానీ మళ్ళీ రేపు పొద్దున మోకాళ్ళ మీద కూర్చోవాలి.

"ఆదివారం నాకు తెలవదు రూబీ. మంగళవారం తెలుసు. గడప కాడ రెండు జతలు చూసిన. నువ్వు లోపల్నే ఉన్నవని తెలిసి, తొడుక్కుని పోయిన."

రూబీ పాలగిన్నె కిటికీలో పెట్టింది.

"అదీ చూశానక్కా. గ్లాసులు తీస్తూ చూశాను" అంది. "అందుకే నిన్న ప్లాట్‌ఫాం మీద చెయ్యూపాను. నేను పలకరిస్తే నువ్వే వచ్చి చెబుతావేమో అనుకున్నా."

అందులో కోపం ఉంటే స్టెల్లా తట్టుకునేది. రూబీ లోపలికెళ్ళి ఆ రెండో జత తెచ్చింది. అప్పుడు స్టెల్లా తన గోడు చెప్పింది, చెప్పకూడదనుకుంటూనే చెప్పింది. జర్మనీ వాళ్ళు, నాలుగున్నర గంటలు, తెల్ల టేపు, మూడో మెమో.

"అయితే ఇవాళ కూడా నావే వేసుకెళ్ళు. సాయంత్రం ఇచ్చెయ్యి" అంది రూబీ.

స్టెల్లా చెయ్యి ఆ మెత్తటి జత వైపు పోయింది. పోలేదని చెబితే అబద్ధం. చూపు మాత్రం రూబీ మడమల మీద పడింది. ప్లాస్టర్లు మార్చినట్టుంది, కొత్తవి. చెయ్యి వెనక్కి తీసుకుని, తను కొన్న జతని సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

హైటెక్ సిటీ స్టేషన్ బయట ఆటో ఎక్కాక రబ్బరు చెప్పులు సంచిలో పెట్టి, షూస్ బయటికి తీసింది. కుడి కాలు పెట్టింది. పాదం ఆగకుండా లోపలికి పోయింది. ఎడమది కూడా. శనివారం చెక్కలా ఉన్న పక్కలు విచ్చుకున్నాయి. మడమ దగ్గర కోసుకుపోయిన అంచు ఒంగి మెత్తబడింది. రూబీ జతంత సుఖం కాదు, కానీ నిలబడొచ్చు. దుకాణం అతను చెప్పినట్టే సాగాయి.

అది అర్థమైన మరుక్షణం ఒక షూ మళ్ళీ విప్పి లోపలికి చూసింది. వెనక అంచు లోపలి వైపు గోధుమ రంగులో ఎండిపోయిన మరక. రెండోదాన్లోనూ అంతే. వేలితో రుద్దింది. పోలేదు. ఆటోవాలా బిల్డింగు వచ్చిందని రెండుసార్లు చెబితే గానీ దిగలేదు.

ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా స్టెల్లా ఆ తెల్ల టేపు ముక్క మీద నిలబడింది. జర్మనీ వాళ్ళు తొమ్మిదిన్నరకి అనుకుంటే పదకొండుకి వచ్చారు. మధ్యలో పక్క డెస్క్ వాసంతి నీళ్ళిస్తే వద్దంది. పదకొండు దాటాక కుడి మడమ సలపడం మొదలైంది. కాలు మార్చుకోవడానికి కూడా ఆమెకి మనసొప్పలేదు. ఆ షూస్‌లో తనకి ఎంత సుఖంగా ఉంటే అంత భారంగా ఉంది.

ఒంటిగంటకి ఉదయ్ భాస్కర్ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఎక్సలెంట్ అండి. అస్సలు కదల్లేదు మీరు. మెమోల సంగతి నేను మాట్లాడతానండి. ఇంతకీ షూస్ ఎక్కడ కొన్నారండి? మిగతా అమ్మాయిలకీ అవే చెబుదాం."

"కొంటే ఇట్ల ఉండవు సార్. ఇవి వేరే మనిషి తొడిగి సాగదీసినయ్."

ఉదయ్ భాస్కర్ అది హాస్యం అనుకుని నవ్వాడు. ఉద్యోగం నిలబడింది.

ఆదివారం స్టెల్లా మందిరానికి రబ్బరు చెప్పులతోనే వెళ్ళింది. వాక్యం అయ్యాక సాక్ష్యాలు అన్నారు. వాళ్ళ సంఘంలో చెప్పిన సాక్ష్యాన్ని వాపస్ తీసుకున్న మనిషి అంతవరకూ లేదు. స్టెల్లా లేచి నిలబడింది.

"సంఘానికి నా వందనాలు. నా కాళ్ళ నొప్పి దేవుడు తీసేసిండని మొన్న అమ్మగారింట్ల చెప్పిన. అది నిజం కాదు. వానల రూబీ షూస్ తొడుక్కుని పోయిన. మంగళవారం ఆ సంగతి తెలిసింది. తెలిసి కూడా మళ్ళ అవే తొడుక్కుని పోయిన. నాలుగు దినాలు ఆ పిల్ల నా కొత్త షూస్‌తోని డ్యూటీ చేసింది. దాని మడమలు పగిలి నెత్తురు కారితే నా షూస్ మెత్తగైనయ్. నేను గురువారం వాటిల్లనే నిలబడ్డ. నా ఉద్యోగం నిలబడ్డది అందుకే."

మామూలుగా ఒక్కో మాటకీ స్తోత్రం అనే జనం. ఆ రోజు ఎవరికీ ఏమనాలో తెలియలేదు. ఎలిజబెత్ గారు తల దించుకున్నారు. చెప్పాల్సింది అయిపోయింది. కూర్చోవాలని కూడా తోచక స్టెల్లా అట్లాగే నిలబడి ఉంది, చేతులు రెండూ కట్టుకుని, తెల్ల టేపు మీద నిలబడ్డట్టు.

వెనక వరసలో రూబీ కొంచెం పక్కకి జరిగి, తివాచీ మీద తన పక్కన చోటు చేసింది.

"ఎంతసేపు నిలబడతావక్కా, వచ్చి కూర్చో" అంది.

కుర్చీలు తీసేసిన ఈ నాలుగు నెలల్లో ఆ మాట ఎవరూ అనలేదు. స్టెల్లా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.